కిట్ కారు: వంద గంటల పనికి రెండేళ్లెందుకు?

క్లుప్తంగా: కిట్ కార్ల (విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునే కార్ల) కంపెనీలు చెప్పే 100, 250 గంటల లెక్క అబద్ధం కాదు. కాకపోతే అవి పానా చేతిలో ఉన్న గంటలు మాత్రమే. పాత కారు విప్పడం, సామాను కోసం తిరగడం, రంగు, వైరింగ్, చివరి సర్దుబాట్లు అందులో చాలావరకు చేరవు. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు పనిచేసేవారికి పూర్తి కిట్ అయితే ఏడాది దాకా, పాత కారు భాగాలతో కట్టేదైతే రెండు మూడేళ్లు పట్టడం మామూలే. హైదరాబాద్‌లో అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. కట్టిన కారుకు నంబరు రావడం ఇప్పటి నిబంధనల్లో దాదాపు అసాధ్యం.

### పది నిమిషాల వీడియో

ఫోన్ తెరిస్తే పది నిమిషాల వీడియో. ఖాళీ షెడ్డులో పెట్టెలు దిగుతాయి, ఇనుప చట్రం నిలబడుతుంది, చక్రాలు ఎక్కుతాయి. చివర్లో ఒక పెద్దాయన ఎర్రటి ఓపెన్ టాప్ కారెక్కి గేటు దాటిపోతాడు. కింద '100 గంటల్లో పూర్తి' అని రాసి ఉంటుంది. రోజుకు నాలుగు గంటలు వేసుకున్నా పాతిక రోజులు. దసరా నాడు మొదలుపెడితే దీపావళి వెళ్లిన వారానికల్లా కారు సిద్ధమన్నమాట.

కూడికలో తప్పు లేదు. అయినా అదే రకం కారు కట్టినవారిని అడిగితే ఏడాదని ఒకరు, నాలుగేళ్లని ఒకరు, ఇంకా అవుతోందని మరొకరు చెబుతారు. ఎవరూ అబద్ధం ఆడటం లేదు. ఒక్కొక్కరు ఒక్కో దాన్ని లెక్కపెడుతున్నారు.

చట్రం, బాడీ, మిగతా భాగాలు విడిగా కొని ఇంట్లో బిగించుకునే కారునే కిట్ కారు అంటారు. ఈ అలవాటు బలంగా నాటుకున్నది బ్రిటన్‌లో. అక్కడ ఒకప్పుడు పూర్తి కారు కొంటే 'పర్చేజ్ టాక్స్' పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. 1957లో కాలిన్ చాప్‌మన్ కంపెనీ తెచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారుకు ఆ తేడా బాగా కలిసొచ్చింది. విడిభాగాలతో పాటు బిగించే సూచనలు ఇవ్వకూడదన్న షరతు ఉంటే, కంపెనీ విప్పే సూచనలు ఇచ్చిందనీ, కొన్నవారు వాటిని వెనక నుంచి ముందుకు చదువుకునేవారనీ ఒక కథ చెబుతారు. 1973లో వ్యాట్ వచ్చి ఆ పన్ను లాభం పోయింది. సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ కంపెనీ చేతికి వెళ్లిందీ అదే ఏడాది. అమెరికాలో దారి వేరు. 1964లో బ్రూస్ మేయర్స్ ఫోక్స్‌వాగన్ బీటిల్ భాగాలకు ఫైబర్ బాడీ తగిలించి ఇసుక బగ్గీ తయారుచేశాడు. 1995లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ కంపెనీ పాత కోబ్రా స్పోర్ట్స్ కారును పోలిన కిట్లతో పేరు తెచ్చుకుంది.

### మూడు రకాలు, మూడు లెక్కలు

'కిట్' అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు దాక్కుని ఉన్నాయి.

మొదటిది పూర్తి కిట్. ఇంజిన్, గేర్‌బాక్స్, వైరింగ్, రంగు వేసిన బాడీ అన్నీ కొత్తవే, ఒకే చోటి నుంచి వస్తాయి. కేటర్‌హామ్ సెవెన్ ఇలాంటిది. వంద గంటల మాట దీనికే వర్తిస్తుంది. చిన్నప్పుడు మెకానో సెట్ ఆడినవారికి ఇది కొత్తగా ఏమీ అనిపించదు, బోల్టులు పెద్దవంతే.

రెండోది డోనర్ కిట్. చట్రం, బాడీ కంపెనీ ఇస్తుంది. ఇంజిన్, యాక్సిల్, బ్రేకులు, స్టీరింగ్ మాత్రం ఏదో పాత కారు నుంచి తీసుకోవాలి. ఆ పాత కారే డోనర్. ఫ్యాక్టరీ ఫైవ్ రోడ్‌స్టర్‌కు పాత ఫోర్డ్ మస్టాంగ్ డోనర్‌గా పనికొస్తుంది. ఆ కారుకు సుమారు 250 గంటలని చెబుతారు. పాత కారు విప్పి శుభ్రం చేసే పని దాని మీద అదనం.

మూడోది కిట్టే కాదు, కొలతల కాగితం. చదరపు ఇనుప పైపులు కొని, కోసి, వెల్డింగ్ చేసి చట్రం కూడా సొంతంగా కట్టుకోవడం. దీన్ని బ్రిటన్‌లో 'లోకాస్ట్' అంటారు. డబ్బు తక్కువ, గంటలు ఎక్కువ. వెయ్యి గంటలు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఎవరైనా 'కిట్ కారు కడదాం' అంటే ఆలోచన సాధారణంగా ఈ మూడో రకం వైపే వెళ్తుంది. విదేశీ కిట్ తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం కలిసి భారం ఎక్కువ. చేతికి అందేది పాత మారుతి. ఇక్కడే ఇంజనీరింగ్ చిక్కు ఒకటి వస్తుంది. సెవెన్ తరహా కారులో ఇంజిన్ ముందు, కారు పొడవు వెంబడి ఉండి వెనక చక్రాలను తిప్పాలి. మారుతి 800లో ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. ఉన్నదున్నట్టు అది కుదరదు. సీటు వెనక ఇంజిన్ పెట్టే డిజైన్ ఎంచుకోవాలి, లేదంటే వెనక చక్రాలు తిరిగే ఓమ్నీనో జిప్సీనో వెతకాలి. ఈ ఒక్క నిర్ణయం తేలడానికే నెలలు గడిచిపోతాయి. ఏ లెక్కలోనూ ఆ నెలలు ఉండవు.

### గంట అంటే ఏ గంట?

దర్జీ జాకెట్ కుట్టేది గంటన్నరలో. చేతికిచ్చేది మూడు వారాలకు. గంటన్నర నిజమే, మూడు వారాలూ నిజమే. కిట్ కారు లెక్క కూడా ఇంతే.

పనికి కూర్చున్న ప్రతిసారీ కొంత సమయం పనికి ముందూ వెనకా పోతుంది. కవర్ తీయాలి, లైటు లాగాలి, పానాలు పరవాలి, పోయినసారి ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవాలి. లేచేముందు మళ్లీ అన్నీ సర్దాలి. ఇందుకు 40 నిమిషాలు అనుకుందాం. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ రెండు గంటలు కేటాయించేవారికి అసలు పని జరిగేది గంటా ఇరవై నిమిషాలే. వంద గంటల కారుకు అలా 75 సార్లు కూర్చోవాలి. అదే ఆదివారం ఆరు గంటలు వరసగా పనిచేస్తే 19 ఆదివారాలు చాలు. మొదటి మనిషి షెడ్డులో గడిపింది మొత్తం 150 గంటలు, రెండో మనిషి 114. కారు ఒకటే.

ఏడాదికి 52 ఆదివారాలు. పెళ్లిళ్లు, బోనాలు, ఊరి ప్రయాణాలు, ఒంట్లో బాగోని రోజులు తీసేస్తే 35 మిగిలితే గొప్ప. ఆదివారానికి అయిదు గంటల అసలు పని జరిగితే 250 గంటల కారుకు 50 ఆదివారాలు కావాలి. అంటే దాదాపు ఏడాదిన్నర. ఇందులో ఎక్కడా పొరపాటు జరగలేదు, సామాను ఆలస్యం కాలేదు, ఇంట్లో గొడవ కాలేదు. అన్నీ సవ్యంగా జరిగితేనే ఏడాదిన్నర.

పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం సామర్థ్యం మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్లు. రాత్రింబవళ్లు నడిచే 300 పనిదినాలు అనుకుంటే సుమారు నిమిషంన్నరకు ఒక కారు బయటికి రావాలి. అక్కడి కార్మికుడి చెయ్యి అంత వేగంగా కదులుతుందని కాదు. కావలసిన బోల్టు, కావలసిన పానా, కావలసిన క్షణంలో చేతి దగ్గర ఉంటాయి. ఎవరూ దేన్నీ వెతకరు, 'ఇది ఇక్కడ పడుతుందా' అని ఆలోచించరు. ఇంట్లో కారు కట్టే మనిషి సమయంలో పెద్ద భాగం వెతకడానికీ, ఆలోచించడానికీ, తప్పు బిగించినదాన్ని విప్పడానికీ పోతుంది.

### ఒక్క బోల్టు దగ్గర ఆగిపోయే పని

కారు కట్టడంలో వరస ఉంటుంది. సస్పెన్షన్ బిగిస్తేనే చక్రాలు. బ్రేకు పైపులు, పెట్రోలు పైపు ముందు వేయకపోతే ఇంజిన్ దించాక చెయ్యి దూరదు. రేడియేటర్ స్థలం ఖాయం కాకపోతే ముందు బాడీ నిలవదు. ఒక చోట ఆగితే దాని తర్వాతివన్నీ ఆగుతాయి. ఒక బుష్ సైజు కుదరలేదంటే ఆ ఆదివారం మొత్తం పోయినట్టే.

సామాను విషయంలో హైదరాబాద్ అదృష్టవంతమైన నగరం. బోల్టులు, బేరింగులు, హార్డ్‌వేర్‌కు రాణీగంజ్ ఉంది. లేత్ పనికి బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామిక వాడలున్నాయి. కానీ ఆ దుకాణాలూ, ఆ లేత్ షాపులూ చాలావరకు సోమవారం నుంచి శనివారం దాకా నడుస్తాయి. ఉద్యోగికి ఖాళీ దొరికేది ఆదివారం. ఆదివారం ఉదయం తేలిన లోటు మళ్లీ శనివారం సాయంత్రానికి గానీ తీరదు. పది రూపాయల వాషర్ వారం రోజులు తినేయడం ఇలాగే జరుగుతుంది.

అమెరికా కిట్ అయితే ఇంకో తలనొప్పి. అక్కడి బోల్టులు చాలావరకు అంగుళాల కొలతలో వస్తాయి. ఇక్కడి బజార్లలో సులువుగా దొరికేవి మిల్లీమీటర్ల బోల్టులు. సస్పెన్షన్‌కు ఏదో ఒక బోల్టు వేసేసి సరిపెట్టుకోవడానికి లేదు. మిల్లీమీటర్ల బోల్టయితే తల మీద 8.8, 10.9 అని బలం గుర్తు ఉన్నదే వాడాలి.

### రెండుసార్లు కట్టాలి

బయటివారికి తెలియని అసలు రహస్యం ఇది. సొంతంగా చట్రం చేసుకున్నవారు కారును ఒకసారి కాదు, రెండుసార్లు కడతారు. మొదటిసారి రంగు లేకుండా అన్నీ బిగించి చూస్తారు. ఎక్కడ తగులుతోంది, ఎక్కడ ఇంకో క్లిప్పు వెల్డింగ్ చేయాలి, స్టీరింగ్ తిప్పితే టైరు రాసుకుంటోందా అన్నవి తేల్చుకుంటారు. తర్వాత మొత్తం విప్పి, చట్రానికి పౌడర్ కోటింగ్ చేయించి, మళ్లీ బిగిస్తారు. రంగు వేశాక వెల్డింగ్ చేస్తే ఆ చోట రంగు కాలిపోతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. కాబట్టి తప్పదు.

డోనర్ భాగాలతో గంటలు పోయే తీరు వేరు. ఇంజిన్ దించడం ఒక పూట పని. చైన్ పుల్లీ, ఇద్దరు మనుషులు చాలు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల జిడ్డు గీకాలి, తుప్పుపట్టి బిగుసుకుపోయిన బోల్టులు వేడిచేసి తీయాలి, బ్రేకు సిలిండర్లకు కొత్త సీళ్లు వేయాలి. పాత కారు వైరింగ్‌లో అక్కర్లేని తీగలు ఏరి తీయడం అన్నిటికన్నా ఓపిక తినే పని. ఏసీ తీగ, వెనక వైపర్ తీగ, డోరు లైటు తీగ ఒక్కోటీ వెతికి పట్టుకోవాలి. ఒక్కటి పొరపాటున కోస్తే ఇంజిన్ స్టార్ట్ అవదు, ఎందుకు అవడం లేదో తెలియదు. మెకానిక్‌లు సైతం ఇంజిన్ పనికి వెనకాడరు గానీ ఇంకొకరు కలబెట్టిన వైరింగ్ అంటే టెన్షన్ పడతారు.

బాడీ దగ్గరికి వచ్చేసరికి కొలమానమే మారిపోతుంది. అప్పటిదాకా బోల్టు బిగిసిందా లేదా అన్నదే ప్రశ్న. డోరుకూ బాడీకీ మధ్య సందు మాత్రం ఎంత సమంగా ఉంటే చాలో చెప్పేది కన్నే. ఫైబర్ ముక్కలు అచ్చు నుంచి వచ్చాక కొంత వంకర తిరుగుతాయి. వాటిని రుద్ది, పుట్టీ పెట్టి, మళ్లీ రుద్ది, ప్రైమర్ కొట్టి చూస్తే ఇంకో చోట గుంట కనిపిస్తుంది. ఈ పనికి అంతు ఉండదు. మనిషి విసిగినప్పుడు అది పూర్తయినట్టు.

### ఎండ, వాన, పార్కింగ్

నగరం వాతావరణం కూడా గంటలు తింటుంది. ఫైబర్ పనిలో రెసిన్‌కు కొద్ది శాతం హార్డెనర్ కలుపుతారు. ఎండ ఎక్కువైతే రసాయన చర్య వేగం పెరిగి రెసిన్ తొందరగా గట్టిపడుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటినప్పుడు డబ్బాలో కలిపింది మ్యాట్ మీద పూయకముందే బిగుసుకుపోతుంది. హార్డెనర్ తగ్గించాలి, కొంచెం కొంచెం కలుపుకోవాలి, లేదా తెల్లవారుజామున పని పెట్టుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దీనికి తలకిందుల కథ. గాలిలో తేమకు రంగు పాలిపోయినట్టు అవుతుంది, రంగు వేయని ఇనుము మీద రెండు రోజుల్లో ఎర్రటి పొర కనిపిస్తుంది. బాడీ పనికి అనువైనవి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలు. ఆ నెలలు తప్పిపోతే మళ్లీ శీతాకాలం దాకా ఆగడమో, షెడ్డు అద్దెకు తీసుకోవడమో చేయాలి.

స్థలం సంగతి మియాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో అపార్ట్‌మెంటులో ఉండేవారికి వేరే చెప్పక్కర్లేదు. పార్కింగ్ గడిలో పూర్తయిన కారు పడుతుంది. పూర్తికాని కారు పట్టదు. విప్పిన ఇంజిన్, బాడీ ముక్కలు, చట్రం, బల్ల అన్నీ కలిపితే రెండు మూడు కార్ల చోటు కావాలి. గ్రైండర్ శబ్దం మీద అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మొదటి మెసేజ్ రావడానికి ఒక్క సాయంత్రం చాలు. నగర శివార్లలో షెడ్డు దొరికితే ఈ గొడవ తీరుతుంది గానీ, రాకపోకలకే రెండు మూడు గంటలు పోతాయి.

### గడువు ఉంటే ఎందుకు పూర్తవుతుంది?

మన ఇంజనీరింగ్ విద్యార్థులు ఏటా ఇలాంటి పనే చేస్తారు. 2007లో మొదలైన బాహా ఎస్ఏఈ ఇండియా పోటీకి కాలేజీ జట్లు ఒక మనిషి కూర్చునే గతుకుల దారి బండిని కట్టుకుని వస్తాయి. డిజైన్, వెల్డింగ్, పరీక్ష అన్నీ సుమారు ఒక విద్యా సంవత్సరంలోనే. వారిది సున్నా నుంచి మొదలైన పని, చేతులు కొత్తవి. అయినా పూర్తవుతుంది. పంచుకోవడానికి పెద్ద జట్టు ఉంటుంది, పైగా పోటీ తేదీ ఎవరికోసమూ మారదు.

ఇంట్లో కట్టేవారికి ఆ తేదీ ఉండదు. ఇంజిన్ స్టార్ట్ అయిన రోజున 'దాదాపు అయిపోయింది' అనిపిస్తుంది. మిగిలినవన్నీ చిన్నవే: బ్రేకుల్లో గాలి తీయడం, చక్రాల అలైన్‌మెంట్, లీకులు, హారన్, సీటు, అద్దం. చిన్నవి కాబట్టి వాయిదా పడతాయి. సగం కట్టిన కార్లు అమ్మకానికి వచ్చేది ఎక్కువగా ఈ దశలోనే.

### కట్టాక రోడ్డెక్కుతుందా?

బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారును కూడా లెక్కలోకి తీసుకునే చట్టం ఉంది. 1998లో కిట్ కార్లకు సింగిల్ వెహికల్ అప్రూవల్ వచ్చింది, 2009లో దాని చోట ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్ వచ్చింది. ఒక్క కారును తీసుకెళ్తే అధికారి దాన్నే పరీక్షిస్తాడు. పరీక్ష తేలిక కాదు. బయట చెయ్యి తగిలే అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల వంపు తిరిగి ఉండాలన్నంత వివరంగా చూస్తారు. మొదటిసారి తప్పినవారు సరిచేసుకుని మళ్లీ వెళ్తారు. ఆలస్యం అవుతుంది, దారి మాత్రం ఉంది. కాలిఫోర్నియాలో కాలుష్య నిబంధనల్లో సడలింపుతో ఏటా 500 సొంత తయారీ బండ్లకు అవకాశం ఇస్తారు.

భారత్‌లో చట్టం చూసేది కారును కాదు, తయారీదారుణ్ణి. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 126 ప్రకారం ప్రతి మోడల్ నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థల్లో పరీక్షించి ఆమోదం పొందాలి. కొత్త మోడల్ కార్లకు 2017 అక్టోబరు నుంచి గుద్దించి చూసే పరీక్షలు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వేల కార్లు అమ్మే కంపెనీకి ఈ ఖర్చు పంచుకునే లెక్క. ఉన్నదే ఒక్క కారైతే దేన్ని గుద్దించాలి, దేన్ని రోడ్డెక్కించాలి?

ఆర్టీఏ దగ్గర కొత్త కారు రిజిస్ట్రేషన్‌కు ఫారం 20తో పాటు అమ్మకపు పత్రం ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. ఇంట్లో కట్టిన కారుకు ఫారం 21, ఫారం 22 ఇచ్చేవారు లేరు.

'మరి లారీలకు బాడీ కడుతున్నారు కదా' అన్న సందేహం సహజం. విజయవాడ ఆటోనగర్ పేరు తెచ్చుకున్నదే ఆ పనితో. అక్కడ ఇంజిన్, బ్రేకులు, చట్రం కంపెనీ నుంచి ఆమోదంతో వస్తాయి. బాడీ ఒక్కటే స్థానికంగా కడతారు, దానికి ఫారం 22-ఎ అని వేరే పత్రం ఉంది. కిట్ కారులో సొంతంగా కట్టేది సరిగ్గా ఆ చట్రాన్నీ, ఆ బ్రేకులనే.

పాత మారుతి ఆర్సీ మీదే కొత్త బాడీ నడిపేద్దామన్న ఆలోచన కూడా నిలవదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పుల్ని కట్టడి చేస్తుంది. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. ఆమోదం పొందిన సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ కిట్లు మాత్రం నిబంధనల ప్రకారం పెట్టించుకోవచ్చు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఒకాయన పాత సామానుతో తయారుచేసిన, కిక్ కొట్టి నడిపే చిన్న జీపు 2021 చివర్లో వార్తల్లోకెక్కింది. ఆనంద్ మహీంద్రా దాన్ని మెచ్చుకుంటూనే, నిబంధనల దృష్ట్యా అధికారులు ఎప్పటికైనా ఆపుతారని చెప్పి, దాని బదులు బొలేరో ఇచ్చారు. దేశమంతా చప్పట్లు కొట్టిన బండి పరిస్థితే అది.

సొంతంగా బండ్లు కట్టే ముచ్చట ఈ నగరానికి కొత్తేమీ కాదు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ, బర్గర్, బూటు ఆకారాల్లో నడిచే కార్లున్నాయి. వాటిని తయారుచేసిన కె. సుధాకర్ 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్ రికార్డు సాధించారు. అవి చూడటానికి పెట్టిన బండ్లు. ఆఫీసుకు వెళ్లడానికి కాదు.

### మిగిలిన దారి

రేసు ట్రాక్ కోసమే కట్టుకుని, చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై వంటి చోటికి లారీ మీద తీసుకెళ్లడం ఒక పద్ధతి. ఖరీదైనది. హైదరాబాద్‌లో చేతులకు గ్రీజు అంటించుకోవాలనుకునే వారికి ఎక్కువగా పనికొచ్చేది రెండోది: ఆర్సీ ఉన్న పాత అంబాసిడర్‌నో, పద్మినినో, జీపునో అసలు రూపం మార్చకుండా బాగుచేసుకోవడం. అక్కడా ఆదివారాల లెక్క ఇదే, రాణీగంజ్ తిరుగుడు ఇదే. ఒక తేడా ఉంది. ఆ భాగాలన్నీ ఒకప్పుడు ఆ కారులో కుదిరినవే కాబట్టి 'పడుతుందా లేదా' అన్న ఆలోచనకు పోయే గంటలు తగ్గుతాయి. వాటి చోట తుప్పు గంటలు పెరుగుతాయి.

15 ఏళ్లు దాటిన సొంత కారుకు తనిఖీ చేయించి ఆర్సీని అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవాటికి 2021 నిబంధనలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఏర్పాటు ఉంది. కొత్తగా చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు, నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లవచ్చు గానీ రోజువారీ వాడకానికి వీల్లేదు. ఏ పాత కారైనా బేరం ఆడేముందు బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు, చట్రం నంబరు గీకి చూసి ఆర్సీతో సరిపోల్చుకోవాలి. మొత్తం పనిలో అరగంటలో అయిపోయేది ఇదొక్కటే.